డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

మణుగూరు, కొత్తగూడెం అడవి వైపు నుండి రైలులో వచ్చే మన సభ్యులందరికీ డోర్నకల్ జంక్షన్ తెలిసినదే. బండి మారేటప్పుడు టీ తాగడమే గాని, అక్కడి పెద్ద చర్చిని చూసినవారు తక్కువ. నేను ఆ మతస్థుడను కాకపోయినా, దానిని కట్టించిన మహనీయుని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలో జన్మించిన తమిళులు. 1903లో అక్కడి క్రైస్తవులు సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం స్థాపించి, నిజాం రాజ్యంలోని మన ప్రాంతాన్ని పనికి ఎంచుకున్నారు. దాని స్థాపకులలో వీరొకరు. 1909లో గురుపట్టం పొంది డోర్నకల్ చేరి, తెలుగు నేర్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే ప్రథమం.

వీరు చేరదీసినవారిలో అధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బావిలో వారిని చేద వేయనివ్వని రోజులవి. అటువంటివారికి బాప్తిస్మపు నీరు ఏమై తోచిందో మనం ఊహించవచ్చు. బాప్తిస్మం పొందినవారి చేత తమ చేతిని తమ తలపైనే పెట్టించి, ఇకపై ఈ వార్త నలుగురికీ చెప్పకపోతే తమకే కీడని చెప్పించేవారట. మన భాషలో చెప్పాలంటే జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన పూటే డ్యూటీ ఎక్కడం!

మతం మారడం గాంధీగారికి నచ్చలేదు. 1930లలో ఇద్దరికీ దీనిపై గట్టి భేదాభిప్రాయమే ఉండేది. అయినా క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవారిలో అజరయ్య గారు ముఖ్యులు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇక చర్చి సంగతి. ఏళ్ల తరబడి సాగిన ఆ కట్టడాన్ని 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠించారు. తూర్పు దేశాల సంఘాలు క్రీస్తు యోర్దాను స్నానాన్ని తలచుకొని నీటిని ఆశీర్వదించే పండుగ కూడా అదే. ఇటలీలోని రావెన్నా బాప్తిస్మశాల కప్పుపై 5వ శతాబ్దంలోనే యోర్దానును గడ్డపు వృద్ధుడిగా చిత్రించారు. మనం గోదావరిని తల్లి అంటాము, వారికి నది తాతయ్య! డోర్నకల్‌లో అటువంటి బొమ్మకు బదులు మన మండప స్తంభాలు, మసీదు తరహా గుమ్మటాలు, శిలువతో పాటు తామర, ఉమ్మెత్త పూలు చెక్కించారు. ఉమ్మెత్త విషం, చావుకు గుర్తు. తామర నీటిలో పుట్టేది. నీట మునిగి కొత్త బ్రతుకుతో లేవడమనే బాప్తిస్మపు అర్థం ఈ రెండు పూలలోనే ఉన్నదని నా అభిప్రాయం.

అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన ఏళ్లపాటు పాటుపడిన సంఘాల కలయిక, దక్షిణ ఇండియా సంఘం, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.