చార్లెస్ బ్లిస్

చార్లెస్ కె. బ్లిస్ (సెప్టెంబరు 5, 1897 - జూలై 13, 1985) రసాయన ఇంజనీరు, బ్లిస్ చిహ్నాలు అనే బొమ్మల లిపికి సృష్టికర్త. ప్రపంచ ప్రజలందరికీ ఉమ్మడి లిపిగా ఉండాలని ఈయన రూపొందించిన ఈ చిహ్నాలు, నోటితో మాట్లాడలేని పిల్లలకు భావప్రకటన సాధనంగా ప్రసిద్ధి చెందాయి.

బాల్యము, విద్య

ఈయన అసలు పేరు కార్ల్ కాసీల్ బ్లిట్జ్. నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని చెర్నోవిట్జ్ పట్టణంలో ఒక పేద యూదు కుటుంబంలో జన్మించాడు. ఈ పట్టణం ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. జర్మన్, ఉక్రేనియన్, రొమేనియన్, పోలిష్, యిడ్డిష్ భాషలు మాట్లాడేవారు అక్కడ పక్కపక్కనే నివసిస్తూ తరచు కలహించుకొనేవారు. ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కాకపోవడమే ఈ వైరానికి ముఖ్య కారణమన్న అభిప్రాయం బ్లిస్‌కు చిన్నతనంలోనే ఏర్పడింది. 1922లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, ఒక ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరి పేటెంట్ల విభాగానికి అధిపతి అయ్యాడు.

నిర్బంధము, ప్రవాసము

1938లో ఆస్ట్రియాను జర్మనీ ఆక్రమించుకొన్న తరువాత నాజీలు ఈయనను డాచౌ, బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాలలో ఉంచారు. భార్య క్లెయిర్ జర్మన్ క్రైస్తవ స్త్రీ. ఆమె పట్టు విడువక చేసిన ప్రయత్నాల ఫలితంగా 1939లో విడుదలై ఇంగ్లండు చేరాడు. జర్మన్ విమానాల బాంబు దాడులను అక్కడి ప్రజలు "బ్లిట్జ్" అని పిలుస్తూండడంతో తన ఇంటిపేరును బ్లిస్‌గా మార్చుకొన్నాడు. 1940 చివరలో దంపతులు చైనాలోని షాంఘై నగరంలో తిరిగి కలుసుకొన్నారు. జపాన్ సైన్యం యూదు శరణార్థులను ఒక ప్రత్యేక ప్రాంతంలో నిర్బంధించినపుడు, విడాకులు కోరితే క్లెయిర్‌కు స్వేచ్ఛ లభించేది. ఆమె అందుకు అంగీకరించక భర్తతోనే ఉండిపోయింది.

చిహ్నాల రూపకల్పన

వేరువేరు మాండలికాలు మాట్లాడే చైనీయులు ఒకే పత్రికను చదవగలగడం బ్లిస్‌ను ఆకర్షించింది. చైనా అక్షరాలు కొన్ని నేర్చుకొన్నాక, దుకాణాల పలకలను తాను చైనా భాషలో కాక నేరుగా జర్మన్‌లో చదువుకొంటున్నట్లు గ్రహించాడు. ధ్వనితో సంబంధం లేకుండా అర్థాన్నే సూచించే సులభమైన లిపి సాధ్యమేనని తలచి 1942లో పని ప్రారంభించాడు. 1946లో ఆస్ట్రేలియాకు వలసవెళ్ళి, సిడ్నీలో కర్మాగార కార్మికుడిగా పనిచేస్తూ దీనిని పూర్తిచేశాడు. 1949లో "సెమాంటోగ్రఫీ" అనే పేరుతో మూడు సంపుటాలుగా ప్రచురించాడు.

ఈ లిపిలో కొద్దిపాటి మూలరూపాలను కలిపి కొత్త అర్థాలను సాధిస్తారు. ఉదాహరణకు హృదయం గుర్తు భావాన్ని తెలుపుతుంది. దానికి పైకి చూపే బాణం చేర్చితే సంతోషం, క్రిందికి చూపే బాణం చేర్చితే దుఃఖం. నీటి అలకు క్రిందికి చూపే బాణం చేర్చితే వర్షం. గుర్తుపై ఉంచే చిన్న సంకేతాలు క్రియను, కాలాన్ని తెలుపుతాయి.

క్లెయిర్ విద్యావేత్తలకు, విశ్వవిద్యాలయాలకు వేల సంఖ్యలో ఉత్తరాలు రాసినా ఆదరణ లభించలేదు. ఆమె 1961లో మరణించింది.

టొరంటో పిల్లలు

1971లో కెనడాలోని టొరంటో నగరంలో, ఒంటారియో వికలాంగ బాలల కేంద్రంలో షిర్లీ మెక్‌నాటన్ అనే ఉపాధ్యాయురాలు, ఆమె సహచరులు సెరిబ్రల్ పాల్సీ (మస్తిష్క పక్షవాతం) ఉన్న పిల్లలకు తగిన సాధనం కోసం వెదుకుతున్నారు. ఆ పిల్లలకు మాట పలకదు, చదవడం ఇంకా రాదు. మామూలు బొమ్మలతో అన్నం, మంచం వంటి వస్తువులను చూపవచ్చునే గాని, నిన్న, ఎందుకు, భయం వంటివి చెప్పడం కష్టం. ఎలిజబెత్ హెల్ఫ్‌మన్ రచించిన ఒక పుస్తకంలో వారికి బ్లిస్ చిహ్నాలు కనిపించాయి.

చక్రాల కుర్చీకి అమర్చిన పలకపై చిహ్నాలను వరుసగా ఉంచేవారు. పిల్లవాడు వేలితోగాని, పిడికిలితోగాని, చూపుతోగాని ఒక్కొక్క గుర్తును సూచించి వాక్యం కూర్చేవాడు. ప్రతి గుర్తుతోపాటు దాని పదం కూడా రాసి ఉండడంవల్ల ఎదుటివారు చిహ్నాలు నేర్చుకోనవసరం లేదు. ఆ పదాన్ని ఏ భాషలో రాసినా గుర్తు మారదు. బుద్ధి లేదని ఇతరులు భావించిన పిల్లలు ప్రశ్నలు అడగసాగారు, హాస్యమాడసాగారు.

వివాదము

ఈ వార్త బ్లిస్‌కు అపారమైన ఆనందాన్ని కలిగించింది. ఆయన స్వయంగా టొరంటో వెళ్ళి పిల్లలను కలిశాడు. కాని త్వరలోనే విభేదాలు తలెత్తాయి. ఉపాధ్యాయులు పిల్లల అవసరాన్నిబట్టి కొత్త గుర్తులు చేర్చారు. వారి దృష్టిలో చిహ్నాలు ఆంగ్లం చదవడానికి దారితీసే వంతెన. బ్లిస్ దృష్టిలో అవి మార్పు చేయరాని విశ్వలిపి. దీర్ఘకాల వివాదం తరువాత 1982లో ఒప్పందం కుదిరి, పిల్లల కోసం చిహ్నాలను వాడే ప్రత్యేక హక్కు కెనడా సంస్థకు లభించింది. బ్లిస్‌కు చెల్లించిన 1,60,000 డాలర్లను ఆయన తన పద్ధతిలో బోధనా గ్రంథం ముద్రించడానికి వినియోగించాడు.

గౌరవాలు, మరణము

1974లో ఈయన జీవితంపై "మిస్టర్ సింబల్ మాన్" అనే డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది. 1976లో ఆస్ట్రేలియా ప్రభుత్వం "ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా" పురస్కారంతో గౌరవించింది. 1985లో సిడ్నీలో మరణించాడు.

దేశాల మధ్య కలహాలు మాన్పాలన్న ఈయన ఆశయం నెరవేరలేదు. అయితే ఈ చిహ్నాలు తరువాత అనేక దేశాలకు వ్యాపించి, మాట్లాడలేని వారికోసం రూపొందే సంభాషణ పరికరాలకు మార్గదర్శకమయ్యాయి.