ఖడ్గంతో నిలబెట్టి, అక్షరంతో తీర్చిదిద్దిన రాజు ఆల్ఫ్రెడ్

క్రీ.శ. 878 జనవరి. క్రిస్మస్ పండుగ రోజులు ముగిశాయో లేదో, డేన్‌ల నాయకుడు గుథ్రమ్ తన సేనతో చిప్పెన్‌హామ్‌ను హఠాత్తుగా ఆక్రమించాడు. వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ కొద్దిమంది అనుచరులతో సోమర్సెట్ చిత్తడి నేలల్లో తలదాచుకోవలసి వచ్చింది. ఇంగ్లండ్ అనే ఏకరాజ్యం అప్పటికి ఇంకా ఏర్పడలేదు. ఆంగ్లో-శాక్సన్ రాజ్యాలలో నార్తంబ్రియా, ఈస్ట్ ఆంగ్లియా, మెర్సియా ఒకదాని వెంట ఒకటి డేన్‌ల ధాటికి కూలిపోయాయి. మిగిలింది వెసెక్స్ ఒక్కటే. ఇప్పుడు దాని రాజుకూ నిలువ నీడ లేకపోయింది.

ఆల్ఫ్రెడ్ 849 ప్రాంతంలో వాంటేజ్‌లో జన్మించాడు. రాజు ఈథెల్‌వుల్ఫ్ కుమారులలో కడపటివాడు. బాల్యంలోనే రోమ్ నగరాన్ని దర్శించినా, పన్నెండేళ్లు దాటేవరకు ఆయనకు చదవడం రాలేదని జీవితచరిత్రకారుడు ఆసర్ పేర్కొన్నాడు. ముగ్గురు అన్నలు వరుసగా రాజ్యమేలి మరణించిన తరువాత, 871లో సింహాసనం ఆయనకు దక్కింది. ఆ ఏడాది యుద్ధాలు ఆయనకు కలిసిరాలేదు. చివరకు ధనమిచ్చి సంధి చేసుకోక తప్పలేదు. అయితే ధనంతో కొన్న శాంతి ఎంతోకాలం నిలవలేదు.

అజ్ఞాతవాస కాలంలో ఆల్ఫ్రెడ్ పశువుల కాపరి ఇంట రొట్టెలు మాడ్చి చీవాట్లు తిన్నాడన్న కథ ప్రసిద్ధమే. కానీ అది ఆయన మరణానంతరం పుట్టిన కథ. వాస్తవంలో ఆయన ఎథెల్నీ అనే చోట చిన్న కోట కట్టుకుని, శత్రువుపై దాడులు సాగించాడు. వసంతకాలంలో సోమర్సెట్, విల్ట్‌షైర్, హాంప్‌షైర్ ప్రాంతాల యోధులను కూడగట్టి, మే నెలలో ఎడింగ్టన్ వద్ద గుథ్రమ్‌ను ఓడించాడు. డేన్‌లు తలదాచుకున్న కోటను పద్నాలుగు రోజులు ముట్టడించి లొంగదీశాడు.

చేతికి చిక్కిన శత్రువును ఆయన సంహరించలేదు. గుథ్రమ్ క్రైస్తవం స్వీకరించగా, ఆల్ఫ్రెడ్ స్వయంగా అతడికి జ్ఞానపితగా నిలిచాడు. ఆ తరువాత ఇరువురి నడుమ సరిహద్దులు నిర్ణయిస్తూ ఒప్పందం కుదిరింది.

విజయంతో ఆల్ఫ్రెడ్ ఏమరుపాటు చెందలేదు. రాజ్యమంతటా కోట పట్టణాల వరుసను ఏర్పాటు చేశాడు. సైన్యాన్ని రెండుగా విభజించి, సగం మంది కొలువులో, సగం మంది ఇంటిపట్టున ఉండేలా చూశాడు. అందువల్ల రక్షణకూ, సేద్యానికీ లోటు రాలేదు. 892లో డేన్‌ల కొత్త సేన దండెత్తినప్పుడు ఈ ఏర్పాట్లే రాజ్యాన్ని కాపాడాయి.

అయితే ఆల్ఫ్రెడ్‌ను కలచివేసిన నష్టం మరొకటుంది. డేన్‌లు తగులబెట్టక మునుపే మఠాలలోని గ్రంథాలు చదివేవారు లేక మూలపడ్డాయి. అవి లాటిన్‌లో ఉండగా, ఆ భాష తెలిసినవారు అరుదైపోయారు. ప్రజలు తెలుసుకోవలసిన పుస్తకాలు వారి మాతృభాషలోనే ఉండాలని రాజు నిశ్చయించాడు. పండితులను రప్పించి, నడివయసు సమీపిస్తుండగా తాను లాటిన్ నేర్చుకున్నాడు. పోప్ గ్రెగొరీ రచించిన మతాచార్యుల కర్తవ్య గ్రంథాన్ని వారి సాయంతో ఆంగ్లంలోకి తెచ్చి, బిషప్‌లకు ప్రతులు పంపాడు. స్తోమత గల స్వతంత్రుల బిడ్డలు ముందుగా ఆంగ్లంలో చదవడం నేర్వాలని కోరాడు. బానిసల పిల్లలకు మాత్రం ఆ సంకల్పంలో చోటు దొరకలేదు.

ఆయన కథలో భారతదేశ ప్రస్తావన కూడా ఉంది. ఆంగ్లో-శాక్సన్ వృత్తాంతం 883 నాటి విషయాలు చెబుతూ, ఆల్ఫ్రెడ్ కానుకలు రోమ్‌కూ, భారతదేశంలోని సెయింట్ థామస్, సెయింట్ బార్తొలోమ్యూల సన్నిధికీ వెళ్లాయని పేర్కొంటుంది. కొన్ని ప్రతులలో భారతదేశానికి బదులు యూదయ అని ఉండటంతో చరిత్రకారులు దీనిపై ఏకాభిప్రాయానికి రాలేదు.

జీవితమంతా అనారోగ్యంతో పోరాడిన ఆల్ఫ్రెడ్ 899 అక్టోబర్ 26న కన్నుమూశాడు. కుమారుడు ఎడ్వర్డ్, కుమార్తె ఈథెల్‌ఫ్లెడ్ ఆయన కోటల పద్ధతినే కొనసాగిస్తూ రాజ్యాన్ని విస్తరించారు. 927లో మనుమడు ఎథెల్‌స్టన్ ఆంగ్లేయులందరికీ రాజయ్యాడు. నాడు చిత్తడి నేలల్లో ఆరిపోకుండా నిలిచిన దీపమే ఆ ఏకరాజ్యానికి వెలుగైంది.