అక్షరాలకు బొమ్మలు కట్టిన నందలాల్ బోస్

నందలాల్ బోస్ పేరు వినగానే చేతికర్రతో దండికి నడచిపోయే గాంధీజీ చిత్రం మన మనసులలో మెదలుతుంది. భారత రాజ్యాంగపు మూలప్రతిని చిత్రాలతో అలంకరించినవారుగా కూడ ఆయన సుప్రసిద్ధులు. కాని ఆ మహాచిత్రకారుడు అక్షరాలు నేర్చుకునే పసిపిల్లల కోసం ఒక వాచకానికి బొమ్మలు వేశారన్న సంగతి మనలో అనేకులకు తెలియకపోవచ్చు. ఆ చిన్న పుస్తకం వెనుకనున్న జీవితాన్ని సహవిద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

నందలాల్ 1882 డిసెంబరు 3వ తేదీన బీహారులోని హవేలీ ఖడగ్‌పూర్‌లో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానోద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి బొమ్మలు చేయడంలో నేర్పరి. ఆమె ఆయన బాల్యంలోనే మరణించినా, ఆమె అభిరుచి కుమారునికి అబ్బింది. ఊరి కుమ్మరులు మట్టిముద్దకు రూపమిస్తుంటే చూచి, తానూ ఏనుగులను, ఎద్దులను, దేవతామూర్తులను చేసేవారు. కళాశాల చదువు మాత్రం ఆయనకు అచ్చిరాలేదు; పరీక్షలలో తప్పారు. చివరకు కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో అవనీంద్రనాథ్ టాగూరుకు శిష్యులై తమ మార్గాన్ని కనుగొన్నారు. తరువాత అజంతా కుడ్యచిత్రాలకు ప్రతులు వ్రాసి ప్రాచీన కళారహస్యాలను గ్రహించారు.

రవీంద్రనాథ్ టాగూరు ఆహ్వానంపై శాంతినికేతనం చేరిన నందలాల్ 1922లో అక్కడి కళాభవనానికి అధ్యక్షులయ్యారు. ఎఱ్ఱమట్టి నేల, తాటిచెట్లు, సంతాలుల పల్లెలు, వానమబ్బులు ఆయనకు నిత్యపాఠాలు. శిష్యులను ఆరుబయటకు తీసుకొనిపోయి చెట్టును, పశువును, పనిచేసే మనిషిని నిదానించి చూడడం నేర్పేవారు. కంటబడిన దృశ్యాన్ని పోస్టుకార్డుపై గీసి మిత్రులకు, శిష్యులకు పంపుతుండేవారు.

ఈ విధంగా కూడబెట్టిన సంపద 1930లో పసిపిల్లల పాలయింది. ఆ సంవత్సరం రవీంద్రులు 'సహజ్ పాఠ్' అనే బెంగాలీ వాచకాన్ని రెండు భాగాలుగా వెలువరించగా, నందలాల్ బొమ్మలు సమకూర్చారు. మొదటి భాగం అక్షరాలతో ఆరంభమవుతుంది. అందులో అక్షరాలు బట్టీపట్టవలసిన గుర్తులు కావు. జంటజంటలుగా వచ్చి, పల్లెటూరి మనుషులవలె మెలగుతాయి. వాటి ప్రక్కన నందలాల్ బొమ్మలు నలుపు తెలుపులలో నిండుగా నిలుస్తాయి. ఇవి లినోలియం పలకపై చెక్కి అచ్చొత్తినవి. పలకపై తెల్లగా ఉండవలసిన భాగాన్ని చెక్కివేస్తే, మిగిలిన భాగానికి సిరా అంటుతుంది. ఒక్క నల్లసిరా చాలును గనుక రంగుల ముద్రణకయ్యే ఖర్చు తప్పుతుంది. ఇంట మరొక పుస్తకం లేని పిల్లవానికి ఇది చిన్న మేలు కాదు. తన ఊరి చెట్టును, మబ్బును పుస్తకంలో చూచిన పిల్లవాడు చదువును పరాయిదిగా భావించడు.

గాంధీజీ దండియాత్ర చిత్రం కూడ ఆ 1930లోనే, ఈ లినో పద్ధతిలోనే రూపొందింది. 1938లో హరిపురా కాంగ్రెసు మహాసభ కొరకు రైతులను, చేతిపనివారలను, వాద్యకారులను చిత్రిస్తూ 80కి పైగా చిత్రాలు వ్రాశారు. రాజ్యాంగ ప్రతిని శిష్యులతో కలసి అలంకరించినప్పుడు గాంధీజీ, అక్బరు, టిప్పు సుల్తాను, ఝాన్సీ లక్ష్మీబాయి ఆ పుటలలో చోటుచేసుకున్నారు. మన తెలంగాణకు చెందిన కొండపల్లి శేషగిరిరావుగారు శాంతినికేతనంలో ఆయన వద్ద విద్య నేర్చినవారే. 1954లో పద్మవిభూషణ్ పురస్కారం పొందిన నందలాల్ 1966 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

దేశానికి శాసనమైన గ్రంథాన్నీ, పసివాని మొదటి పుస్తకాన్నీ ఆయన ఒకే శ్రద్ధతో చేపట్టారు. పిల్లల పని గదా అని తక్కువ చేయలేదు. అలిఫ్‌తో చదువు ప్రారంభించినవారు, అకారంతో ఓనమాలు దిద్దినవారు కలసి చదివే కళాశాల మనది. మనలో కొందరు రేపు ఉపాధ్యాయులు కాగలరు. అక్షరం ఎరుగని ఇంటినుండి వచ్చిన బాలునికి మొదటి పాఠం చెప్పే భాగ్యం కలిగిననాడు, బొగ్గుముక్కతోనైనా అతనికి తెలిసిన ఒక చెట్టును ఆ అక్షరం ప్రక్కన గీయగలిగితే నందలాల్ బోస్ జీవితాన్ని మనం చక్కగా చదివినట్లేనని మా విశ్వాసం.