లియో ఫెండర్: గిటార్ వాయించడం రాదు, శ్రుతి చేయడమూ రాదు.. ప్రపంచానికి బేస్ గిటార్ మాత్రం ఆయనే ఇచ్చారు

దిల్లీలో ఏ వాయిద్యాల దుకాణానికి వెళ్లి బేస్ గిటార్ అడిగినా, గోడ మీంచి తీసి చూపించేవి దాదాపు రెండు రకాలే. కంపెనీల పేర్లు వేరు, రంగులు వేరు. వేలల్లో దొరికేది ఉంటుంది, లక్ష దాటేదీ ఉంటుంది. ఆకారం మాత్రం అదే. నాలుగు లావుపాటి తీగలు, పొడవాటి మెడ, భుజం దగ్గర రెండు కొమ్ములు, తల మీద ఒకే పక్క వరుసగా నాలుగు బిరడాలు.

ఆ రెండు రకాలూ ఒకే మనిషి పనిబల్ల మీద పుట్టాయి. ఒకటి 1951లో, రెండోది 1960లో. ఆ మనిషి లియో ఫెండర్. చదివింది అకౌంటింగ్, చేసింది రేడియో రిపేరు. చిన్నప్పుడు పియానో, శాక్సఫోన్ కొంత నేర్చుకున్నారు కానీ గిటార్ మాత్రం చివరిదాకా రాలేదు. తను చేసిన గిటార్‌ను శ్రుతి చేయాలన్నా పక్కన ఇంకొకరు ఉండాల్సిందే.

క్లారెన్స్ లియోనిడస్ ఫెండర్ 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో, బత్తాయి, నారింజ తోటలు సాగు చేసే కుటుంబంలో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో కణితి వల్ల ఎడమ కన్ను పోయింది. దాని స్థానంలో గాజు కన్ను పెట్టారు. కుర్రాడికి పద్నాలుగేళ్లప్పుడు, కార్లకు కరెంటు పనులు చేసే మేనమామ వరసాయన ఒకరు పాత రేడియో సామాన్లు, ఒక బ్యాటరీ పెట్టెలో పెట్టి పంపారు. అక్కడి నుంచి రేడియో పిచ్చి పట్టుకుంది.

కాలేజీ తర్వాత లెక్కలు రాసే ఉద్యోగాలు చేశారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ ఉద్యోగాలూ నిలవలేదు. 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో రిపేరు కొట్టు పెట్టారు.

ఆయన అసలు చదువు ఆ కొట్టులోనే జరిగిందని నాకనిపిస్తుంది. ఊళ్లోని బ్యాండ్ల వాళ్లు పాడైన మైకులు, ఆంప్లిఫయర్లు, గిటార్లు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. ఏది ఎక్కడ తెగుతుందో, ఏ అతుకు ఊడుతుందో, దేన్ని విప్పడం కష్టమో ఆయన చేతులకు తెలిసిపోయింది. వాయించేవాడు వాయిద్యాన్ని స్వరంతో గుర్తుపెట్టుకుంటాడు. రిపేరు చేసేవాడు దాని జబ్బులతో గుర్తుపెట్టుకుంటాడు. లియో రెండో రకం.

అప్పటి గిటార్లకు పొట్ట డొల్లగా ఉండేది. ఆంప్లిఫయర్ శబ్దం పెంచితే ఆ డొల్ల కూడా అదిరి కీచుమనేది. డొల్ల తీసేసి చెక్క దిమ్మకే తీగలు బిగిస్తే ఆ గోల ఉండదు. ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్లతో 1940లలో మొదలుపెట్టి, 1950లో దిమ్మ గిటార్‌ను బజార్లోకి తెచ్చారు. దానికి మొదట పెట్టిన బ్రాడ్‌కాస్టర్ అనే పేరును, డ్రమ్ముల కంపెనీ గ్రెచ్ అభ్యంతరం చెప్పడంతో టెలీకాస్టర్‌గా మార్చాల్సి వచ్చింది. ఈ కథ చాలామందికి తెలిసిందే. తెలియాల్సింది ఆ మరుసటి ఏడాది కథ.

మోసుకెళ్లలేని వాయిద్యం

అప్పటి దాకా బ్యాండ్‌లో బేస్ అంటే డబుల్ బేస్. మనిషిని మించిన ఎత్తున్న వయొలిన్ అనుకోండి. దాన్ని కారు పైన కట్టుకుని ఊరూరా తిరగాలి. ఇంతా చేసి వేదిక మీద నిలబెడితే డ్రమ్ముల మోతలో వినిపించేది కాదు. దానికి మెట్లు ఉండవు కాబట్టి వేలు ఒక్క పిసరు జరిగినా స్వరం తప్పుతుంది. పక్కవాడు శబ్దం పెంచుకుంటూ పోతుంటే తన స్వరం తనకే వినపడని మనిషి శ్రుతి ఎలా నిలుపుకుంటాడు?

వీణ తెలిసిన వాళ్లకు లియో ఆలోచన వెంటనే అర్థమవుతుంది. మైనం మీద కూర్చిన ఇరవై నాలుగు మెట్లే వీణలో స్వరస్థానాలను నిలబెడతాయి. లియో బేస్‌కు మెట్లు పెట్టారు, ఇరవై. అందుకే దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టారు. ఇందులో ఆ కచ్చితత్వం వేళ్ల పని కాదు, మెట్ల పని.

తీగ పొడవు 34 అంగుళాలు. గిటార్‌కన్నా బాగా ఎక్కువ, డబుల్ బేస్‌కన్నా తక్కువ. మరీ పొట్టిదైతే మంద్రంలో స్వరం నిలవదు. మరీ పొడుగైతే మెట్ల మధ్య దూరం పెరిగి వేళ్లు అందవు. చాలా కంపెనీలు ఇప్పటికీ ఆ 34 అంగుళాలనే వాడుతున్నాయి. మెడ పొడవవడంతో వాయిద్యం తల కిందికి వాలుతుంది. దానికి విరుగుడుగా పై కొమ్మును ముందుకు సాగదీసి, పట్టీ అక్కడ తగిలించారు. అందం కోసం పెట్టారనుకునే కొమ్ము నిజానికి తూకం సరిచేసే ఏర్పాటు.

లియో కన్నా ముందు ఎవరూ ఈ ప్రయత్నం చేయలేదని కాదు. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ 1930లలోనే మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేశారు. అది నిలదొక్కుకోలేదు. లియోది నిలబడడానికి కారణం ఆయన వాయిద్యం ఒక్కటే చేసి ఊరుకోకపోవడం. ఆ మంద్రాన్ని తట్టుకునే బాస్‌మన్ ఆంప్లిఫయర్‌ను 1952లో తెచ్చారు. మెడను జిగురుతో అతికించకుండా మరలతో బిగించారు. మెడ వంకర పోతే నాలుగు మరలు విప్పి కొత్తది బిగించుకోవచ్చు. వాయిద్యాలు చేసే పాతకాలపు పనివాళ్లకు అది వడ్రంగి పనిలా కనిపించింది. పాడైతే బాగుచేసుకునే వీలుందా అన్నదే లియో చూసుకున్నారు.

లయోనెల్ హాంప్టన్ జాజ్ బ్యాండ్‌లో మంక్ మోంట్‌గోమరీ దాన్ని భుజాన తగిలించుకుని వేదికెక్కినప్పుడు జనం వింతగా చూశారు. పదేళ్లు తిరిగేసరికి డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అదే ప్రెసిషన్ బేస్‌తో మోటౌన్ పాటలకు వెన్నెముక అయ్యారు. మన దగ్గర ఇళయరాజా పాటల్లో ట్యూన్ కింద ఇంకో పాటలా నడిచే బేస్‌ను ఇష్టపడే తెలుగు శ్రోతలు లక్షల్లో ఉంటారు. ఆ వాయిద్యం వంశం కూడా ఇక్కడి నుంచి వచ్చిందే.

వింత వాయిద్యం కావాలంటే

1961లో హాంబర్గ్‌లో పాల్ మెకార్ట్‌నీ బేస్ కొనడానికి వెళ్లారు. ఫెండర్ ధర సుమారు వంద పౌండ్లు. చేతిలో అంత డబ్బు లేదు. పైగా ఆయనది ఎడమచేతి వాటం. వయొలిన్ ఆకారంలో ఉన్న జర్మన్ హాఫ్నర్ సుమారు ముప్పై పౌండ్లకే వస్తోంది, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి తిప్పి పట్టుకున్నా వికారంగా కనిపించదు. అలా ఒక చవక వాయిద్యం ప్రపంచ ప్రసిద్ధమైంది. 1966 జులైలో బీటిల్స్ దిల్లీలో ఆగినప్పుడు కన్నాట్ ప్లేస్‌లోని రిఖీ రామ్ దుకాణంలో మన వాయిద్యాలు కొన్నారు. దేశ విభజన తర్వాత లాహోర్ నుంచి వచ్చి దిల్లీలో స్థిరపడ్డ దుకాణమది.

సితార్ కావాలంటే దిల్లీలో ఈరోజుకీ పనివాడితో మాట్లాడి, చేతి కొలతకు తగ్గట్టు చేయించుకోవచ్చు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ కూడా అంతే. బేస్ గిటార్ విషయానికొస్తే కథ వేరు. దరియాగంజ్ నుంచి గురుగ్రామ్ మాల్స్ దాకా మెట్లు లేని బేస్ గానీ, ఆరు తీగలది గానీ, ఎడమచేతి వాటానిది గానీ అడిగి చూశాను. తెప్పిస్తాం, సగం డబ్బు ముందే కట్టాలి, నచ్చకపోతే వెనక్కి తీసుకోం అన్నది ఎక్కువగా వినిపించిన జవాబు. బరువు, మెడ మందం, తీగ ఎత్తు వంటివి చేత్తో పట్టుకుంటే తప్ప తెలియవు. మామూలు బేస్ కొనేవాడు నాలుగు వాయించి చూసి ఒకటి ఎంచుకుంటాడు. వింతది కోరేవాడు బొమ్మ చూసి వేలకు వేలు కట్టాలి. చేతితో చేసిన దేశీయ వాయిద్యాలకు జీఎస్టీ మినహాయింపు ఉంది, దీనికి అదీ లేదు.

ఒకప్పుడు అందరూ వింతగా చూసిన వస్తువే ఇప్పుడు గోడంతా ఆక్రమించి, మరో వింతకు చోటు లేకుండా చేసింది. తప్పు లియోది కాదు. విడిభాగాలుగా చేసి మరలతో బిగించే పద్ధతి ఫ్యాక్టరీలకు సరిగ్గా అమరింది. ఎవరైనా నకలు తీయొచ్చు, ఎక్కడైనా చవగ్గా చేయొచ్చు. దుకాణాలు అమ్ముడయ్యేదే పెట్టుకుంటాయి.

లియో మాత్రం తన నమూనా దగ్గర ఆగిపోలేదు. 1956లో నాలుగే తీగలతో దిమ్మ ఎలక్ట్రిక్ మాండలిన్ చేశారు. మామూలు మాండలిన్‌లో జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీత కచేరీలు చేశారని గుర్తుచేసుకుంటే, ఆ ఆలోచన ఎంత పనికొచ్చేదో తెలుస్తుంది. 1961లో ఆరు తీగల బేస్, 1965లో ఐదు తీగల బేస్ కూడా ఫెండర్ కంపెనీ నుంచే వచ్చాయి. ఐదు తీగలది అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోలేదు.

ఆ 1965 జనవరిలోనే లియో కంపెనీని సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. ఏళ్ల తరబడి వదలని సైనస్ ఇన్ఫెక్షన్‌తో ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఎక్కువ కాలం బతకననుకున్నారు. అమ్మిన కొంతకాలానికి వేరే డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్స్‌తో ఆ జబ్బు తగ్గిపోయింది. అప్పటికి కంపెనీ పోయింది, దాంతో పాటు పేరూ పోయింది. పోటీ వ్యాపారం పెట్టకూడదన్న పదేళ్ల షరతు మిగిలింది.

గడువు తీరేనాటికి ఆయనకు 65 దాటాయి. తన పాత సహచరులు మొదలుపెట్టిన మ్యూజిక్ మన్ కంపెనీకి 1975లో అధ్యక్షుడయ్యారు. 1976లో అక్కడి నుంచి వచ్చిన స్టింగ్‌రే బేస్‌లో బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ పెట్టారు. మంద్రాన్నీ తారాన్నీ వాయిద్యం మీదే పెంచుకోవచ్చు. పద్నాలుగేళ్ల కుర్రాడికి మేనమామ పంపిన పెట్టెలోనూ బ్యాటరీ ఉంది కదా అనిపిస్తుంది. 1979లో భార్య ఎస్తర్ చనిపోయారు. ఆ తర్వాత జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ పేరుతో కొత్త కంపెనీ పెట్టారు. జార్జ్, లియో పేర్లలోని మొదటి అక్షరాలవి. ఇంటిపేరు తలకెక్కించుకునే హక్కు ఆయన చేసే గిటార్లకు లేదు.

పాత ఫెండర్లను జనం వేలంలో పోటీపడి కొంటుంటే, తాను ఇప్పుడు చేస్తున్నవే అన్నిటికన్నా మేలైనవని ఆయన నమ్మారు. పార్కిన్సన్స్ వచ్చాక కూడా రోజూ ఫ్యాక్టరీకి వెళ్లేవారు. 1991 మార్చి 21న ఫుల్లర్టన్‌లోనే కన్నుమూశారు. అంతకుముందు రోజు కూడా పనిలోనే ఉన్నారు.