బ్రౌన్ దొర డేటాబేస్

ఏదైనా పాత తెలుగు మాటకి అర్థం కావాలని ఆన్‌లైన్‌లో వెతికితే, చాలాసార్లు మనకి జవాబు చెప్పేది ఒకే మనిషి. ఆయన పోయి 140 ఏళ్లు దాటింది. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. స్కూల్లో ఆయన గురించి తెలుగుకి సేవ చేసిన దొర అని ఒక్క వాక్యం చదివి వదిలేశాం. డీబీఎంఎస్ చదివాక మళ్లీ ఆయన నిఘంటువు తెరిస్తే మాత్రం నాకు వేరే మనిషి కనిపించాడు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. హెయిలీబరీ కాలేజీలో చదువుకుని, 1817 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాడు. అప్పటికి వయసు 18, తెలుగు ఒక్క ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర చదువు మొదలుపెట్టి, 1820లో కడపకి ఉద్యోగం మీద వెళ్లాడు. అక్కడి జనం మాట్లాడే తెలుగు వేరు, కావ్యాల్లో ఉండే తెలుగు వేరు. రెండూ నేర్చుకోక తప్పలేదు.

1824 ప్రాంతంలో ఆయన దృష్టి వేమన మీద పడింది. ఊరూరా తాటాకు ప్రతులు సేకరించాడు. ఏ రెండు ప్రతులూ ఒకలా లేవు. పండితుల చేత కాగితాల మీదికి ఎక్కించి, పాఠాలు పోల్చి చూసి, 1829లో దాదాపు 700 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేశాడు. మనం డేటా క్లీనింగ్ అనే పని అదే. కడపలో బంగళా కొని, పండితుల్ని పెట్టుకుని, సొంత జీతంలోంచి వాళ్లకి జీతాలిచ్చాడు. అప్పుల్లో కూడా పడ్డాడు. 1834లో లండన్ వెళ్లి కొన్నేళ్లుండి, మళ్లీ మద్రాసుకే వచ్చాడు.

ఇక నిఘంటువు సంగతి. మనకి అంతకుముందు నిఘంటువులు లేవా అంటే ఉన్నాయి. అమరకోశంలో మాటలు అకారాది క్రమంలో ఉండవు, అర్థాన్ని బట్టి వర్గాలుగా ఉంటాయి. ఒక భావం చెప్పి, దానికున్న పేర్లన్నీ శ్లోకంలో వరసగా ఇస్తారు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా ఇదే దారి. ప్రిన్స్‌టన్‌లో 1980లలో మొదలైన వర్డ్‌నెట్ కూడా మూలంలో ఇలాంటిదే, సమానార్థకాలన్నీ ఒక గుంపు. పద్యం రాసేవాడికి ఇది బాగా పనికొస్తుంది. కానీ తెలియని మాట ఎదురైతే, పుస్తకం మొత్తం కంఠస్థం వస్తే తప్ప ఎక్కడ వెతకాలో తెలీదు.

మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక అకారాది క్రమం తీసుకొచ్చింది. దాని ఆధారంగా 1821లో క్యాంప్‌బెల్ నిఘంటువు వచ్చింది. బ్రౌన్ ఆ దారిలోనే ఇంకా చాలా దూరం వెళ్లాడు. 1852లో అచ్చయిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కీ అంటే మాట. దాని కింద వ్యాకరణ వివరం, అర్థాలు, వాడుక ఉదాహరణలు, ఆ మాటతో పుట్టిన సమాసాలు. అంటే టేబుల్ కన్నా ట్రీకి దగ్గర. కావ్యాల్లోని మాట, వీధిలోని మాట రెండింటికీ అందులో చోటిచ్చాడు.

ఒక్కచోట మాత్రం గీత గీశాడు. వకీలు, జవాబు, కచేరీ లాంటి బయటి భాషల మాటల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువు అని వేరే పుస్తకం వేశాడు. మన భాషలో చెప్పాలంటే రెండో టేబుల్. చిక్కేంటంటే, మాట ఏ పుస్తకంలో ఉందో తెలియాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందే తెలియాలి. అర్థమే తెలియనివాడికి పుట్టుక ఎలా తెలుస్తుంది? ఇప్పుడు ఆన్‌లైన్‌లో మనం చూసేది 1903లో సవరించిన ప్రతి. అందులో మాట పక్కనే బ్రాకెట్లో అది ఏ భాషదో గుర్తు ఉంటుంది. వేరే టేబుల్ బదులు ఒక కాలమ్ అన్నమాట. నాకు ఇదే నచ్చింది. జవాబు అనే మాటని మనం ఇంటి మాటలాగే వాడతాం కదా, దాన్ని బయట నిలబెట్టడం ఎందుకు? కానీ ఒకటి ఒప్పుకోవాలి. గ్రంథాల్లో చోటు దొరకని ఆ మాటల్ని బ్రౌన్ అసలు పోగు చేసి ఉండకపోతే, ఈ చర్చే ఉండేది కాదు.

1855లో ఉద్యోగం వదిలి లండన్ వెళ్లిపోయాడు. అక్కడ యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

నిఘంటువు అట్ట మీద మాత్రం బ్రౌన్ పేరొక్కటే ఉంది. వసుచరిత్రకి వ్యాఖ్య రాసిన జూలూరి అప్పయ్య లాంటి పండితులు ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేశారు. మనం ఎప్పుడైనా తెలుగు మాటల డేటాబేస్ కడితే, మాట, అర్థం, భాష అనే కాలమ్‌లతో పాటు చెప్పినవాళ్ల పేరుకి కూడా ఒక కాలమ్ ఉంచుదాం.