నలభై దినాల దీక్షను నిత్యవ్రతం చేసుకున్న రోము యువకుడు

మాఘ ఫాల్గుణ మాసాలలో వచ్చే ఒకానొక బుధవారం నాడు నుదుట బూడిద ధరించిన యువకులు మీకు బస్సులోనో బజారులోనో కనిపిస్తే, వారందరూ శైవులే అని భావించకండి. ఒకసారి పెద్దపంజాణి నుంచి పుంగనూరు వెళ్ళే బస్సులో నేను అలాగే పొరబడి, ఏ క్షేత్రం దర్శించి వస్తున్నావు నాయనా అని పక్కన కూర్చున్న కుర్రవాణ్ణి అడిగాను. అతడు కొంచెం సిగ్గుపడి, తాను కతోలిక క్రైస్తవుడననీ, ఆనాడు విభూది బుధవారమనీ, ఈస్టరు పండుగ వరకు తమకు తపస్సుకాలమనీ చెప్పాడు. మాంసం మానుకోవడం కష్టం కాదట, కాలేజీ స్నేహితులు బిరియానీకి పిలిచినప్పుడు ఎందుకు రానన్నాడో వివరించడమే కష్టమట. అయ్యప్పమాల వేసుకున్న మన పిల్లలు కూడా ఇదే మాట అంటారు కదా!

ఆదివారాలు మినహాయిస్తే ఆ దీక్ష నలభై దినాలు. క్రీస్తు నిర్జనప్రదేశంలో నలభై దినాలు ఉపవసించినందుకు స్మరణగా వారు దానిని పాటిస్తారు. ప్రార్థన, ఉపవాసం, దానం అనే మూడూ దాని అంగాలు. అయితే ఆ కుర్రవాడు దిగిపోయిన తరువాత కూడా విభూది, తపస్సు అనే రెండు మాటలు నా మనస్సును వదలలేదు. వారి పూజకు దివ్యపూజ అనీ, దీక్షాస్నానానికి జ్ఞానస్నానమనీ, నైవేద్యానికి సత్ప్రసాదమనీ పేర్లున్నాయి. పశ్చిమాన పుట్టిన ఆచారాలకు ఈ సంస్కృత పదాలు ఎలా అమరాయి? ఇవన్నీ ఒక్కరు కల్పించినవి కావు. కాని ఆ బాట వేసినవారిలో అగ్రగణ్యుడు రాబర్టు డి నోబిలి. దక్షిణదేశం ఆయనను తత్త్వబోధక స్వామి అని పిలిచింది.

మన ప్రాంతానికి ఆయన స్వయంగా రాలేదు. ఆయన బాటలో నడిచినవారు వచ్చారు. 18వ శతాబ్దం తొలి సంవత్సరాలలో పుదుచ్చేరి నుంచి బయలుదేరిన ఫ్రెంచి దేశపు యేసుసభ గురువులు కాషాయం ధరించి, మాంసం వర్జించి, పుంగనూరులోనూ చిక్కబళ్ళాపురంలోనూ నివాసాలు ఏర్పరచుకున్నారు. తమ ప్రచారక్షేత్రానికి వారు పెట్టుకున్న పేరు కర్ణాటక మిషను. అప్పటికి నూరేళ్ళ ముందు మధురలో ఒక యువకుడు ప్రారంభించిన జీవన విధానాన్నే వారు అనుసరించారు. ఆ యువకుని చరిత్రను ఈ తపస్సుకాలం సందర్భంగా మీకు చెప్పాలనిపించింది.

నోబిలి 1577లో రోము నగరంలో ఒక ప్రభువంశంలో జ్యేష్ఠపుత్రుడుగా జన్మించారు. తండ్రి పోపు సైన్యంలో సేనాని. పోపు పీఠం అధిష్ఠించినవారు కూడా ఆ బంధువర్గంలో ఉన్నారు. గొప్ప వేదాంతిగా పేరుపొందిన కార్డినల్ బెల్లార్మినో ఆయనకు పెద్దతండ్రి వరుస. తండ్రి గతించిన తరువాత వంశభారం పెద్దకొడుకు మీద పడుతుందని ఇంట్లోవారు ఎదురుచూస్తుండగా, ఆయన సన్యాసం వైపు మొగ్గారు. ఇంట్లో ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళు నిండక మునుపే రోము విడిచి నేపుల్స్ చేరి యేసుసభలో ప్రవేశించారు. తల్లి అనుమతి దొరకక తల్లడిల్లిన బాల శంకరుల కథ మనకు తెలుసు కనుక, ఈ ఘట్టాన్ని నేను విస్తరించను.

1603లో గురుపట్టం పొంది, మరుసటి సంవత్సరం లిస్బన్ రేవులో ఓడ ఎక్కారు. ఆ ఓడ మొజాంబిక్ సమీపంలో ప్రమాదానికి గురైంది. 1605 మే నెలలో గోవా చేరారు. కొచ్చిలో జబ్బుపడి లేచారు. ముత్యాల రేవుల తీరంలో తమిళం నేర్చుకున్నారు. 1606 నవంబరులో మధుర చేరేనాటికి ఆయనకు ఇరవైతొమ్మిది ఏళ్ళు.

అప్పటి మధుర పేరుకు పాండ్యదేశమే కాని పాలకులు మన తెలుగు నాయకరాజులు. ఆస్థానభాష తెలుగు. అందుచేత నోబిలి తమిళంతో ఆగక తెలుగు కూడా అభ్యసించారు. ఆయనకు పూర్వమే, 1595 నుంచి, గొన్సాలో ఫెర్నాండెజ్ అనే పోర్చుగీసు గురువు మధురలో ఉన్నారు. ఒకప్పుడు సైనికుడు. ఒక బడి, ఒక చిన్న ఆసుపత్రి నడిపారు. సేవలో ఆయనకు లోటు చెప్పలేము. అయినా పదకొండు సంవత్సరాలలో మధురవాసి ఒక్కడు కూడా ఆయన మతం స్వీకరించలేదు. కారణం వెతికితే ఒక్క మాటలో దొరికింది. పరంగి. పోర్చుగీసువారిని జనం అలా పిలిచేవారు. స్నానశౌచాలు లేనివారు, గోమాంసం తినేవారు, మద్యం తాగేవారు అని ఆ మాటకు అర్థం. క్రైస్తవుడు కావడమంటే పరంగి కులంలో కలవడమని ప్రజలు అనుకున్నారు. పాపం, ఫెర్నాండెజ్ కూడా ఆ మాటలోని నింద గ్రహించక, తమ మతాన్ని చెప్పడానికి దాన్నే వాడేవారట!

నోబిలి చేసిన పని ఇక్కడ మొదలవుతుంది. పై అధికారుల అనుమతి తీసుకుని నల్లని అంగీ, తోలు చెప్పులు విసర్జించారు. కాషాయం కట్టి, పావుకోళ్ళు తొడిగి, దండ కమండలువులు ధరించారు. ఫెర్నాండెజ్ ఇల్లు విడిచి వేరే మట్టియింట్లో చేరారు. బ్రాహ్మణుడు వండిపెట్టిన అన్నం, కూరలు, పాలు రోజుకు ఒక్క పూట స్వీకరించారు. మాంసం, చేపలు, గుడ్లు, మద్యం ముట్టలేదు.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించాలి. ఆ కాలంలో రోములో తపస్సుకాలం అంటే మాంసం మాని ఒక్క పూట భోజనంతో గడపడమే. నలభై దినాలు అయ్యాక పండుగ వస్తుంది, నియమం సడలుతుంది. మధురలో ఆయన ఎత్తుకున్న నియమానికి అటువంటి ముగింపు లేదు. ఈస్టరు నాడు కూడా ఆయన విస్తరిలో అదే అన్నం, అవే కూరలు. ఇది జనాన్ని ఆకర్షించడానికి వేసిన వేషమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మొదట అలా కూడా ఉండి ఉండవచ్చు. కాని ఏ వేషమైనా కొన్నాళ్ళకు బరువై జారిపోతుంది. దాదాపు యాభై సంవత్సరాలు ఆకలిని భరించినవానిది వేషమని నేను అనలేను. ఏకాదశి ఒక్కనాడు ఉపవాసం చేసి సాయంత్రానికి చిరాకుపడే నావంటివాడు అసలే అనలేడు.

మొదట ఒక బడిపంతులు వచ్చి, ఇరవై దినాల పాటు రోజూ నాలుగైదు గంటలు వాదించి, చివరకు ఆయన శిష్యుడయ్యాడు. తరువాత వచ్చినవాడు శివధర్ముడు. ఇతడు తెలుగు బ్రాహ్మణుడు, పండితుడు. నోబిలికి సంస్కృతం నేర్పినది ఇతడే. అంతటితో ఆగక వేదం కూడా చెప్పాడు. సంస్కృతాన్ని గురుముఖతః నేర్చిన ఐరోపావారిలో నోబిలి తొలి తరంవారు. ఆయన వ్రాతలలో తైత్తిరీయ శాఖ, ఆపస్తంబ సూత్రం కనిపిస్తాయి. మన తెలుగుదేశపు బ్రాహ్మణులలో అధికసంఖ్యాకుల శాఖాసూత్రాలు ఇవే కనుక, గురువు ఏ ప్రాంతంవాడో శిష్యుని వ్రాతలే చెబుతున్నాయి.

బాల్యంలో గురువుగారి ఎదుట కూర్చుని, స్వరం తప్పినప్పుడల్లా మొట్టికాయలు తిని నేర్చుకున్న వేదం నాది. దానిని పరదేశికి చెప్పడం ఆనాడు ఎంత సాహసమో ఊహించగలను. విషయం బయటపడితే కళ్ళు పెరికిస్తారన్న భయం శివధర్మునికి ఉన్నట్లు నోబిలి లేఖల వలన తెలుస్తుంది. అయినా చెప్పాడు. ఎందుకు చెప్పాడు? ధనం కోసమా, జిజ్ఞాసువైన శిష్యుడు దొరికాడన్న సంతోషం కోసమా? అతని స్థానంలో నేను ఉంటే చెప్పి ఉండేవాడినా అని పలుమార్లు ఆలోచించాను, జవాబు స్థిరపడలేదు. శివధర్ముడు తరువాత జ్ఞానస్నానం పొందాడు, శిఖ మాత్రం తీయలేదు. గురుశిష్యుల మైత్రి కడదాకా నిలవకపోవడం ఈ కథలో విషాదం. 1616లో ఫెర్నాండెజ్ నోబిలి పద్ధతిని ఖండించడానికి బ్రాహ్మణాచారాల మీద ఒక పెద్ద గ్రంథం వ్రాసినప్పుడు, శాస్త్రవిషయాలు అందించినవాడు ఈ శివధర్ముడే.

నోబిలికి అసలు పరీక్ష మధుర పండితుల నుంచి రాలేదు, స్వజనం నుంచే వచ్చింది. 1610లో ఫెర్నాండెజ్ పై అధికారులకు ఫిర్యాదు వ్రాశారు. శిఖ, యజ్ఞోపవీతం, గంధం, స్నానం ఇవన్నీ అన్యమత చిహ్నాలనీ, వీటిని ఉంచుకోనివ్వడమంటే క్రీస్తును దాచడమేననీ ఆరోపణ. నోబిలి మతం మారిపోయాడన్న వదంతి రోము దాకా వెళ్ళింది. పెద్దతండ్రి బెల్లార్మినో కూడా దుఃఖించి మందలిస్తూ లేఖ వ్రాశారు. ఆత్మీయుల అపనమ్మకం కంటే కఠినమైన ఉపవాసం ఏముంటుంది?

నోబిలి సమాధానం శాస్త్రపద్ధతిలో సాగింది. శిఖ, యజ్ఞోపవీతాలు కులానికీ విద్యకూ గుర్తులే కాని దేవతారాధనకు కావనీ, ఏది లోకాచారమో ఏది ఆరాధనో వేరుచేసి చూడాలనీ మన గ్రంథాలనే ప్రమాణంగా చూపి లాటిను భాషలో వాదించారు. అది చదివిన బెల్లార్మినో మనస్సు మార్చుకుని ఆయన పక్షం వహించారు. మధురలో మాత్రం కొంతకాలం కొత్తవారికి జ్ఞానస్నానం ఇవ్వరాదన్న ఆజ్ఞ ఆయన మీద పడింది. ముప్ఫై అయిదేళ్ళు దాటుతున్న వయస్సులో, శక్తి నిండుగా ఉన్న రోజులలో, చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. సభను విడిచిపోలేదు, వేరు మఠం పెట్టలేదు. ఆజ్ఞకు లోబడ్డారు, వ్రాస్తూనే ఉన్నారు. 1619లో గోవాలో ఆర్చిబిషప్పు అధ్యక్షతన విచారణ జరిగినప్పుడు సభలో అధికసంఖ్యాకులు ఆయనకు విరుద్ధంగానే పలికారు. వివాదం రోముకు చేరింది. 1623 జనవరి 31న పదిహేనవ గ్రెగరీ పోపు, మూఢాచారాలు కలియకుండా చూసుకోవాలన్న షరతుతో, శిఖ, సూత్రం, గంధం, స్నానం అనుమతించారు. అనుకూలంగా మాట్లాడిన బెల్లార్మినో అప్పటికే గతించారు.

ఆయనను మెచ్చుకుంటూనే రెండు విషయాలలో నేను విభేదించక తప్పదు. మొదటిది, నాలుగు వేదాలలో ఒకటి లుప్తమైందనీ, మోక్షాన్నిచ్చే ఆ వేదాన్నే తాను తెచ్చాననీ ఆయన బోధించారు. అథర్వణానికి అధ్యేతలు తక్కువే కావచ్చు, కాని నాలుగు వేదాలూ ఇప్పటికీ గురుముఖతః నడుస్తున్నాయి. పోయిన వేదమంటూ లేదు. పోతే, ఎజుర్వేదం అనే కల్పిత గ్రంథాన్ని కూడా చాలాకాలం ఆయనకు అంటగట్టారు. అది ఆయన రచన కాదనీ, 18వ శతాబ్దంలో ఫ్రెంచి గురువులు తయారుచేసినదనీ ఆధునిక పండితులు తేల్చారు. కనుక ఆ నింద ఆయనకు చెందదు.

రెండవది ఇంతకంటే పెద్దది. పైకులాలవారు దూరం కాకూడదని, ఆయన ఫెర్నాండెజ్‌తో కూర్చుని భోజనం చేయడం మానుకున్నారు, తీరప్రాంతపు బీద క్రైస్తవులకు ఎడంగా మసలారు. ఒకే దేవుని బిడ్డలు వేరువేరు పందిళ్ళ కింద ప్రార్థించే పరిస్థితి ఏర్పడింది. మన దేవాలయాలలో ఈ దోషం ఎంతకాలం రాజ్యమేలిందో ఎరిగినవాడిని కనుక, రోము నుంచి వచ్చినవారు దీనిని కూడా మన దగ్గర నేర్చుకున్నారే అని బాధ కలుగుతుంది. ఈ లోటు ఆయన ఉండగానే గుర్తించారు. 1640లో బల్తజార్ ద కోస్టా అనే సహచరుడు పండారం వేషం ధరించి, తక్కినకులాల వారి మధ్యకు వెళ్ళారు.

1623 తరువాత నోబిలి మధురలో స్థిరంగా ఉండక తిరుచిరాపల్లి, సేలం ప్రాంతాలకు కాలినడకన వెళ్ళారు. తమిళంలో విస్తారంగానూ, సంస్కృతంలోనూ తెలుగులోనూ కొంతగానూ రచనలు చేశారు. తమిళ వచనానికి ఆయన చేసిన సేవను అక్కడి సాహిత్య చరిత్రకారులు గౌరవంగా పేర్కొంటారు. 1640లో, తిరుమల నాయకుని ఏలుబడిలో, మధురలో ఖైదుపాలై మరుసటి సంవత్సరం విడుదలయ్యారు. అప్పటికి అరవై దాటాయి. చూపు మందగించింది. విశ్రాంతి కోసమని పెద్దలు ఆయనను జాఫ్నాకు, అక్కడి నుంచి మైలాపూరుకు పంపారు.

నలభై సంవత్సరాలు తిరిగిన నేలను విడిచిపోవడం ఆయనకు ఇష్టం కాలేదు, అయినా ఆజ్ఞ కనుక వెళ్ళారు. మైలాపూరులో పోర్చుగీసు కోట ఉంది, సభవారి మంచి వసతి ఉంది. ఆయన మాత్రం ఊరి వెలుపల మట్టిగుడిసెలో ఉన్నారు. కళ్ళు కనిపించకపోయినా పూర్వరచనలను మననం చేసుకుని దిద్దుతూ శిష్యులచేత వ్రాయించారు. మధుర నియమం మైలాపూరులో అవసరం లేదు, అక్కడ ఆయనను పరంగి అని వెలివేసేవారు ఎవరూ లేరు, మెప్పించవలసిన పండితులూ లేరు. అయినప్పటికీ ఆ ఒంటిపూట శాకాహారం మారలేదు. 1656 జనవరి 16న, డెబ్బై ఎనిమిదవ ఏట, అక్కడే దేహం చాలించారు.