సిల్వర్ ధర దించిన అక్కాతమ్ముళ్ళు

లిథియం బ్యాటరీ ఆనోడ్‌లో గ్రాఫైట్ బదులు అల్యూమినియం పెడితే? గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ అవర్ల చోట 993 దాకా పట్టొచ్చు. చిక్కేంటంటే, లిథియం లోపలికి వెళ్ళగానే అల్యూమినియం దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. పదేపదే ఛార్జింగ్ పెడితే పగిలి పొడైపోతుంది. ఈ గొడవ గురించి చదువుతూ పోతే చార్లెస్ మార్టిన్ హాల్ తగిలాడు. ఈయన బ్యాటరీలతో అల్యూమినియం తీసినవాడు!

మా మధిర ఇళ్ళలో అల్యూమినియం గిన్నెని సిల్వర్ గిన్నె అంటారు. 1880ల్లో దాని ధర నిజంగానే వెండి ధరకి దగ్గర్లో ఉండేది.

హాల్ 1863లో అమెరికాలోని ఒహాయోలో పుట్టాడు. 1885లో ఒబెర్లిన్ కాలేజీలో డిగ్రీ అయ్యాక, ఇంటి షెడ్డులోనే ప్రయోగాలు మొదలెట్టాడు. అల్యూమినా కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అదే కరిగించిన క్రయోలైట్‌లో వేస్తే, వెయ్యి డిగ్రీల దగ్గరే నీళ్ళలో ఉప్పులా కలిసిపోతుంది. తర్వాత కరెంటు పంపాలి. ఇంట్లో ప్లగ్ పాయింట్లు లేని కాలం కదా, బ్యాటరీలు కూడా తనే చేసుకున్నాడు. మొదట మట్టి మూసలో అల్యూమినియం రాలేదు. మట్టిలోని సిలికా కలిసి పాడుచేసేది. లోపల కార్బన్ తొడుగు పెట్టాక, 1886 ఫిబ్రవరి 23న, తెల్లగా మెరిసే చిన్న చిన్న పూసలు వచ్చాయి. అప్పటికి వయసు 22. మన ఫైనల్ ఇయర్ వాళ్ళంత!

నాకు మాత్రం ఈ కథలో అక్క జూలియానే గొప్పగా కనిపిస్తుంది. ఆమె కూడా ఒబెర్లిన్‌లో కెమిస్ట్రీ చదివింది. ఇల్లు చూసుకుంటూనే తమ్ముడి ప్రయోగాలు దగ్గరుండి గమనించింది. ఫ్రాన్సులో పాల్ హెరూ ఇదే పద్ధతికి ఏప్రిల్ 23న పేటెంట్ అడిగాడు. హాల్ దరఖాస్తు పెట్టింది జులై 9న. దరఖాస్తు తేదీలే చూస్తే హాల్ పని అయిపోయినట్టే. కానీ అప్పటి అమెరికా చట్టం ముందు ఎవరు కనిపెట్టారని చూసేది. హాల్ రాసిన ఉత్తరాలు, జూలియా సాక్ష్యం కలిసి ఫిబ్రవరి తేదీని నిలబెట్టాయి. మన భాషలో చెప్పాలంటే టైమ్‌స్టాంపులున్న లాగ్ ఫైల్ అన్నమాట. 1889 ఏప్రిల్ 2న పేటెంట్ వచ్చింది. పుస్తకాల్లో హాల్–హెరూ పద్ధతి అని ఉంటుంది, జూలియా పేరు వెతుక్కోవాల్సిందే. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

1888లో మొదలైన వాళ్ళ కంపెనీయే తర్వాత అల్కోవా అయింది. అల్యూమినియం వంటింటికి దిగొచ్చింది. హాల్, హెరూ ఇద్దరూ పుట్టింది 1863లో, పోయింది 1914లో. పెళ్ళి చేసుకోని హాల్ తన ఆస్తిలో మూడో వంతు ఒబెర్లిన్ కాలేజీకి రాసిచ్చాడు.